రెండో అంతస్తుకు చేరని కాగితం

ఆ ఆసుపత్రిలో అతన్ని అందరూ కంప్యూటరబ్బాయి అంటారు. నలభై నిండాయి, నడినెత్తిన జుట్టు ఎప్పుడో సెలవు పుచ్చుకుంది, కూతురు తొమ్మిదో క్లాసుకొచ్చింది. అయినా అబ్బాయే. పదహారేళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు పడిన పేరు అలాగే ఉండిపోయింది. అందులో అతనికీ ఓ సుఖం ఉంది. అబ్బాయి తప్పు చేస్తే ఎవరూ అంతగా పట్టించుకోరు.

ఆ రోజు సెలవు. డాక్టర్ల గదులకు తాళాలు పడ్డాయి. మధ్యాహ్నం రెండింటికే మబ్బు కమ్మి వాన మొదలైంది, వరండాల్లో లైట్లు వేశారు. ఫినాయిల్ వాసన, తడిసిన గొడుగుల వాసన కలిసి ముక్కుకు తగులుతున్నాయి. మెట్ల కింద, కిటికీ లేని గదిలో అతను పాత సర్వర్ పక్కన కొత్త సర్వర్ పెట్టుకుని కూర్చున్నాడు. రెండూ లినక్స్ మిషన్లే. పాతదానికి తగిలించిన పదకొండు ప్రింటర్లనూ కొత్తదానికి తగిలించాలి. ఐదింటికి పాతసామాన్లవాళ్లు వచ్చి పాతదాన్ని పట్టుకుపోతారు.

ప్రింటర్లంటే అతనికి కొట్టిన పిండి. "ప్రింటు రావట్లేదు" అని ఫోన్ వస్తే సగంసార్లు కాగితాలైపోయి ఉంటాయి, పావుసార్లు ప్లగ్గు ఊడి ఉంటుంది. మిగిలిన పావుకే అతని జీతం.

మొదటి ప్రింటరు పెట్టేలోపే కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, నా ప్రాజెక్టు పంపాను. కలర్లో ప్రింటు తీసుకురావా? నీకన్నా బాగా ఎవరూ తియ్యరని మా టీచరు కూడా అంది."

"తెస్తాలే తల్లీ" అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూడా మొహం మీద నవ్వు కాసేపు నిలిచింది.

తలుపు చిన్నగా చప్పుడైంది. "లోపలికి రావచ్చా బాబూ?"

ఆ గొంతు వినగానే నవ్వు పోయింది. వచ్చినాయన, ఇక్కడి ల్యాబులో రక్తపరీక్షలు చేసిన, అతను ల్యాబక్క అని పిలిచే ఆవిడ భర్త. బజారులో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. అక్క బతికున్న రోజుల్లో "ఏమోయ్ బామ్మర్దీ" అంటూ భుజం మీద చరిచేవాడు. ఇప్పుడు బాబూ అంటున్నాడు.

"రండి బావగారూ."

ఆయన కూర్చోలేదు. "పెద్ద డాక్టరుగారిని ఇంటికెళ్లి కలిసొచ్చాను. మీ అక్క సర్వీసు కాగితంలో 'నిర్లక్ష్యం వల్ల తొలగించాం' అని రాశారు కదా. ఆ ఒక్క మాటా తీసెయ్యమన్నాను. కంప్యూటర్లో రుజువు దొరికితే తీసేస్తానన్నారు. పాత మిషన్ ఇవాళే పోతోందటగా. పోయేలోగా ఒక్కసారి చూడవా?"

"అప్పుడే చూశాం కదా బావగారూ."

"ఇంకోసారి చూడు. నేనూ మిషన్లు విప్పేవాణ్ణే. మొదటిసారి కనపడనిది రెండోసారి విప్పితే కనపడుతుంది. చివరిదాకా ఆవిడది ఒకటే మాట. పంపాను, మూడుసార్లు పంపాను అని. ఆవిడ సంగతి అయిపోయింది. మా పిల్ల ఇక్కడే నర్సు ట్రైనింగులో చేరింది. దాని చెవినపడేలా వాళ్లమ్మ గురించి ఆ మాటే అంటున్నారు."

అతను తల దించుకుని కీబోర్డు మీది దుమ్ము తుడిచాడు. "చూస్తాను."

"బయట బెంచీ మీద కూర్చుంటా. తొందరేం లేదు."

తలుపు మూసుకుంది.

చూడ్డానికేముంది? అతనికి తెలియంది ఏదైనా ఉంటే కదా.

ఏణ్ణర్థం కిందటి మాట. రెండో అంతస్తు వార్డు ప్రింటరు ఆ రోజు పొద్దుట్నుంచీ కాగితాలు నములుతోంది. ఇరుక్కున్నప్పుడల్లా దానికోసం వరసకట్టిన పనుల క్యూ ఆగిపోవడం, ఇతనికి ఫోన్ రావడం. ఆరుసార్లు మెట్లెక్కాడు. ఏడోసారి విసుగొచ్చింది. లినక్స్ మిషన్లలో ఓ గొయ్యి ఉంటుంది. ఏం పంపినా మింగేస్తుంది, అందిందని చెబుతుంది, వెనక్కి మాత్రం ఏదీ రాదు. ఆ పని చేసేవాళ్లు దాన్ని నల్ అంటారు. అక్కర్లేని చెత్తంతా అందులోకే తోస్తారు. అతను రెండో అంతస్తు క్యూను తీసుకెళ్లి ఆ నల్‌కు తిప్పేశాడు. ఇక తప్పులు రావు, ఫోన్లు రావు. ఎవరు ఏది పంపినా 'పూర్తయింది' అనే చూపిస్తుంది. ఒక్క అరగంట... కాస్త కునుకు తీసి, లేచి బాగుచేద్దామనుకున్నాడు. ఆ చల్లటి గదిలో కుర్చీలో వెనక్కి వాలాడు.

లేచేసరికి ఐదు దాటింది.

ఆ లోపల ల్యాబక్క ఏడో బెడ్ పెద్దాయన రక్తపరీక్ష రిపోర్టు పంపింది. పొటాషియం గుండె ఆగిపోయేంత ఎక్కువుంది. ఆ ఆసుపత్రిలో నోటిమాట చెల్లదు, కాగితం వస్తేనే మందు మారుస్తారు. అక్క ఫోన్ చేసి చెప్పింది. వార్డులో "కాగితం రానీండి" అన్నారు. మళ్లీ పంపింది. మూడోసారీ పంపింది. మూడుసార్లూ పూర్తయిందనే చూపించింది. వేరే పరీక్ష మధ్యలో వదిలి, కాగితం చేత్తో పట్టుకుని ఆవిడ మెట్లెక్కేసరికి పెద్దాయన పోయాడు.

విచారణ రోజున పొద్దున్నే వచ్చి అతను ఆ క్యూను చెరిపేసి కొత్తది పెట్టాడు. ఎవరెప్పుడు ఏం పంపారో రాసుకునే పాత లాగ్ కూడా చెరిపేశాడు. "కంప్యూటర్ ఏమంటోంది?" అని పెద్ద డాక్టరు అడిగితే, "పంపినట్టు రికార్డేం లేదు సార్" అన్నాడు. అక్క అతనివైపు తిరిగి, "తమ్ముడూ, నువ్వైనా చెప్పు" అంది. అతను తన బూటు లేసు కేసి చూస్తూ ఉండిపోయాడు. రోజూ తన క్యారేజీలోంచి అతనికి ఓ గిన్నె తీసిపెట్టే మనిషి. ఆ ఏడాది తిరక్కుండానే జబ్బుచేసి పోయింది. శవం దగ్గర బావగారు అతని రెండు చేతులూ పట్టుకుని, ఆసుపత్రి నుంచి నువ్వొక్కడివే వచ్చావు అన్నాడు. ఆ సిగ్గు ఇప్పటికీ అన్నం ముందు కూర్చున్నా వదలదు.

ఇంకో సంగతి కూడా అతనికి తెలుసు. వారం వారం పాత మిషన్ తనంతట తను అన్నింటికీ ఓ నకలు దాస్తుంది. ఆ రోజు లాగ్ నకలు అందులో ఉంది. దాన్ని చెరిపే ధైర్యమూ లేకపోయింది, తెరిచే ధైర్యమూ లేకపోయింది. ఐదింటికి అదే పోతుందిలే అనుకున్నాడు.

నాలుగు కావస్తుండగా పది ప్రింటర్లు అయ్యాయి. మిగిలింది రెండో అంతస్తుదే. కొత్తగా పేరు పెట్టాడు, వార్డు ప్రింటరు చిరునామా ఇచ్చాడు, పరీక్ష కాగితం పంపాడు. పూర్తయిందని వచ్చింది. వార్డుకు ఫోన్ చేశాడు.

"ఏమీ రాలేదండీ" అంది సిస్టరు.

"కాగితాలున్నాయా? ప్లగ్గు?"

"అన్నీ ఉన్నాయి. పచ్చలైటు వెలుగుతోంది. ఊరికే కూర్చుంది."

ప్రింటరు పలుకుతోందా అని చూశాడు. పలుకుతోంది. ప్రింటరును నడిపే డ్రైవరు ప్రోగ్రాం చూశాడు. సరైనదే. చివరికి క్యూ ఎక్కడికి వెళ్తోందో చూపించమన్నాడు.

నల్‌కు వెళ్తోంది.

తెర కేసి వంగి మళ్లీ చదివాడు. తను ఇచ్చింది వార్డు చిరునామా. ఇదేమో కొత్త మిషన్. పాతదానిలోంచి ఇందులోకి ఒక్క అక్షరం కూడా తేలేదు. అలవాటున చెయ్యి పొరబడిందేమో అనుకుని సరిచేశాడు. చూశాడు. వార్డు చిరునామా కనిపించింది. కాగితం పంపాడు. పూర్తయింది.

మళ్లీ చూశాడు. నల్.

ఏసీ చల్లదనంలోనూ చంకలు తడిశాయి. క్యూను మొత్తం తీసేశాడు. లేదని మిషన్ ఒప్పుకుంది. ఊపిరి పీల్చుకుని, ఏమేం ప్రింటర్లున్నాయో చెప్పమన్నాడు. పది చెప్పింది. పదకొండోది కూడా చెప్పింది... రెండో అంతస్తు. అందులో మూడు పనులు ఉన్నాయట. పంపినవారు: ల్యాబు. అక్క వాడిన లాగిన్.

ఆ లాగిన్ కొత్త మిషన్లో అసలు లేదు.

గదిలో ఏదో వాసన. మొదట గుర్తు పట్టలేదు. స్పిరిట్. సూది గుచ్చేముందు దూదితో రుద్దే స్పిరిట్. అక్క వచ్చి పక్కన నిలబడితే ఇదే వాసన వచ్చేది.

బల్లమీది ల్యాండ్‌ఫోన్ మోగింది. ఎత్తాడు.

అవతల ఎవరో మెట్లెక్కి వచ్చినట్టు ఆయాసపడుతున్నారు.

"తమ్ముడూ..." గుసగుసగా. "కాగితం వచ్చిందా?"

రిసీవరు జారి బల్ల అంచున వేలాడింది. అది అలా ఊగుతుంటే చూస్తూ ఉండిపోయాడు. ఎంతకీ చెవిన పెట్టుకోలేకపోయాడు.

అప్పుడు అతను చేసిన పని, ఆ పని తెలిసినవాడెవడూ చెయ్యనిది. ఆ గోతిలో ఏముందో చూపించమని అడిగాడు. నల్‌ను చదవమంటే ఏమీ రాదు. ఎప్పుడూ రాదు. రెప్పపాటులో ఖాళీగా తిరిగొస్తుంది. మొదటి పాఠంలోనే చెబుతారు.

ఈసారి రాలేదు. తెరమీద కర్సర్ కొట్టుకుంటూ నిలబడిపోయింది. ఒకటి... రెండు... పది... ఎక్కడో లోతుల్లో దేనికోసమో వెతుకుతున్నట్టు...

గది మూలన ప్రింటరు కదిలింది.

అది పరీక్షలకు వాడుకునే చిన్న ప్రింటరు. పొద్దున కొత్త సర్వర్‌కు చోటు కావాలని దాని ప్లగ్గు అతనే పీకేశాడు. తీగ నేలమీద చుట్టలా పడి ఉంది. అయినా లోపల రోలరు తిరిగింది. కాగితం లోపలికి వెళ్లింది. బయటికొచ్చింది. ఒకటి. రెండు. మూడు.

ఆ ప్రింటరులోంచి వచ్చే కాగితం వేడిగా ఉంటుంది. ఇవి చల్లగా ఉన్నాయి. కాస్త తడిగా కూడా ఉన్నాయి.

ఏడో బెడ్. పొటాషియం అంకె కింద రెండు గీతలు. వెంటనే డాక్టరుకు చూపించండి. పంపిన సమయం మూడు నలభై. రెండోదాని మీద మూడు యాభైరెండు. మూడోదాని మీద నాలుగూ పది. మూడింటి అడుగునా ఒకే వరస. చేరినచోటు నల్, తిప్పినవారు... అక్కడ అతని లాగిన్.

అంతే. బావగారు అడిగిన రుజువు. తలుపు తీసి పది అడుగులు వేసి ఆ చేతిలో పెడితే చాలు.

పెట్టగలడా? పెడితే రేపీపాటికి ఊరంతా తెలుస్తుంది. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి వెతుక్కోవచ్చు. కూతురికేం చెప్పాలి? మీ నాన్న నిద్రపోయాడమ్మా, ఒకాయన చచ్చిపోయాడు, ఆ నింద తీసుకెళ్లి రోజూ అన్నం పెట్టినావిడ నెత్తిన వేశాడు అని చెప్పాలా? ఆ రోజే చెప్పుంటే పొరపాటనేవాళ్లు. ఏణ్ణర్థం తర్వాత చెబితే దాన్నేమంటారో అతనికి తెలుసు. తనను తను రోజూ అదే మాట అనుకుంటున్నాడు.

కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో తోశాడు. తెరవైపు తిరిగాడు.

క్యూలో నాలుగో పని వచ్చి ఉంది. పంపినవారు: ల్యాబు. కాగితం పేరు: తమ్ముడు. చేరేచోటు: నల్. కాపీలు: మూడు. స్థితి: ఎదురుచూస్తోంది.

అతను దాన్ని చూసీ చూడనట్టు పాత మిషన్ ముందుకు జరిగాడు. డిస్కు మొత్తం తుడిచెయ్యమన్నాడు. నిజంగానే తుడవమంటారా అని అడిగింది. వేలు కాసేపు గాలిలో ఆగింది. స్పిరిట్ వాసన చెవి వెనకదాకా వచ్చింది. ఎవరో వెనకనుంచి వంగి తెర చదువుతున్నట్టు... మెడమీద చల్లటి ఊపిరి...

అవునని నొక్కాడు.

వాసన పోయింది. ఒక్కసారిగా, తలుపేసినట్టు పోయింది. కొత్త మిషన్ తెరమీద ఒకే ఒక్క మాట మారింది. 'పంపుతోంది.'

అతను లేచి బయటికొచ్చాడు. బావగారు బెంచీ మీంచి లేచాడు. ఆ కళ్లలోకి చూడకుండా, ఆయన చొక్కా బొత్తాం కేసి చూస్తూ చెప్పాడు.

"ఏమీ దొరకలేదు బావగారూ."

ఆయన తల ఊపాడు. "పోనీలే బాబూ. నువ్వు చూశావు, నాకంతే చాలు. మీ అక్క అనేది, మా తమ్ముడికి తెలిస్తే చెప్పకుండా ఉంటాడా అని."

అతని లోపల ఏదో పుటుక్కున తెగింది. కూతురు, ఉద్యోగం, ఊరు, ఏవీ గుర్తు రాలేదు. ఆ మాట మోయడం ఇక వల్లకాదని మాత్రం తెలిసింది.

"బావగారూ, నేనే. ఆ క్యూను తిప్పింది నేనే. అక్క పంపింది. మూడుసార్లూ పంపింది. నేను నిద్రపోయాను. తర్వాత అంతా చెరిపేశాను. అక్క తప్పేం లేదు. నేను పాపిష్టివాణ్ణి."

చెప్పేశాడు. కన్నీళ్లు ధారకట్టాయి. ఎన్నాళ్లకో గుండెలోంచి రాయి దింపినట్టయింది. ఇక ఆయన కొట్టినా సరే, తిట్టినా సరే.

బావగారు అతని మొహంలోకే చూస్తున్నాడు. ఇంకా చూస్తున్నాడు.

"ఏంటి బాబూ? ఏదో చెప్పబోయి ఆగిపోయావు."

మళ్లీ చెప్పాడు. గట్టిగా చెప్పాడు. అరిచాడు. గొంతు నొప్పెట్టింది. మామూలుగా ఆ ఖాళీ వరండాలో దగ్గినా గోడలు తిరిగి పలుకుతాయి. ఇప్పుడు వాన చప్పుడు వినిపిస్తోంది. బావగారి ఊపిరి వినిపిస్తోంది. తన గొంతు మాత్రం... తనకు కూడా వినిపించట్లేదు.

జేబులోంచి కాగితాలు లాగి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మడతలు విప్పి, కళ్లజోడు పెట్టుకుని, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఖాళీవి కదా బాబూ ఇవి."

ఖాళీవే. తెల్లగా, చల్లగా ఉన్నాయి.

పెన్ను తీసి వాటి మీదే రాశాడు. అక్క తప్పు లేదు, తప్పు నాది. రాస్తున్నంతసేపూ అక్షరాలు కనిపించాయి. ఆయన చేతికిచ్చేసరికి ఒక్కటీ లేదు. ఆయన జాలిగా భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడకు. నీ చేతిలో ఉన్నదంతా చేశావు. మీ అక్క నీమీద ఎప్పుడూ కోపం పెట్టుకోలేదు." గొడుగు తెరుచుకుని, ఆ వానలో మెల్లగా గేటుదాకా నడిచి, మలుపు తిరిగిపోయాడు.

పాతసామాన్లవాళ్లు వచ్చి "ఇదేనా సార్?" అన్నారు. జవాబు వినపడక ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఇదేలే అని ఎత్తుకుపోయారు.

అతను గదిలోకి వెళ్లి కుర్చీలో కూలబడ్డాడు. తెరమీద ఇలా ఉంది. తమ్ముడు. కాపీలు మూడు. మొదటిది పూర్తయింది.

ఆపెయ్యమని కొట్టాడు. ఆపాలంటే పంపినవారి పాస్‌వర్డ్ కావాలంది. మళ్లీ కొట్టాడు. పంపినవారినే అడగమంది.

జేబులో ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, ప్రింటు తీశావా?" ... "నాన్నా? వినపడట్లేదు నాన్నా. అమ్మా, నాన్న ఫోన్ ఎత్తాడు కానీ మాట్లాడట్లేదే." ... "నాన్నా, ఉన్నావా?"

ఉన్నాను తల్లీ అన్నాడు. ఇక్కడే ఉన్నాను అన్నాడు. ఫోన్ను రెండు చేతులతో పట్టుకుని, నోటికి ఆనించి, ఆ పిల్ల ముద్దుపేరు పెట్టి పిలిచాడు.

తెరమీద మాట మారింది. రెండోది పంపుతోంది.

అతను చూస్తుండగానే, రెండోది పూర్తయింది.

ఫోన్లో అదే గొంతు... కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ పిల్ల తెచ్చుకునే మర్యాదతో...

"హలో, ఎవరండీ?"

అవతల నుంచి వాళ్లమ్మ ఎవరే అని అడిగింది. ఏమోనమ్మా, తెలీని నంబరు అంది ఆ పిల్ల. ఫోన్ ఆగిపోయింది.

తెరమీద మూడో కాపీ ఎదురుచూస్తోంది.